వంగిన రేకులో అయస్కాంతం ఏం చేస్తుంది?

నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. అదేంటో, వినిపించనివాళ్ళకి ఈ మాట మాత్రం ఎలా వినిపిస్తుంది! సరే, మొదలుపెడతాను.

నా చేతిలో ఏముందో చూడండి. ఆడియో క్యాసెట్. మా ఇంటి అటక మీద దొరికింది. దీన్ని పెన్సిల్ పెట్టి తిప్పినవాళ్ళు ఎంతమంది? చూశారా, ముందు వరసలో మాస్టార్లే చేతులెత్తారు. పిల్లలకి చెబుతాను. ఒక్కోసారి టేప్‌రికార్డర్ ఈ రీలుని నమిలేసేది. మూత తీస్తే లోపల సేమ్యా ముద్దలా ఉండేది. దాన్ని ఓపిగ్గా లాగి, గోటితో సాపు చేసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ పెట్టేవాళ్ళం. నలిగిన చోట పాట కాసేపు వణికేది. వణికేదే కానీ, పోయేది కాదు. ఎందుకు పోలేదు? అయస్కాంతం మీద రాసిన పాట కదా అది. రేకు అంతలా నలిగితే అయస్కాంతానికి ఏమీ కాలేదా?

ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. పల్చని రేకు మీద అయస్కాంతపు పూత ఉంది. రేకుని వంచాం. లోపల అయస్కాంతం ఏం చేస్తుంది?

ముందు క్యాసెట్ సంగతి తేల్చేద్దాం. 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఆయన జర్మనీలో కాగితం పట్టీ మీద ఇనుప పొడి అంటించి దాని మీద శబ్దం రికార్డు చేశాడు. మన రామన్ గారు కలకత్తాలో తన ఎఫెక్ట్ కనిపెట్టిందీ అదే 1928, ఫిబ్రవరి 28న. తర్వాత కాగితం పోయి ప్లాస్టిక్ వచ్చింది, ఇనుప పొడి పోయి ఇనుప ఆక్సైడ్ వచ్చింది. ఈ గోధుమ రంగు అదే. ఆ ఆక్సైడ్ సన్న సన్న సూదుల్లా ఉంటుంది, ఆ సూదులు జిగురులో కూర్చుని ఉంటాయి. అరిసె మీద నువ్వులు చూశారు కదా? అరిసెను వంచండి. అరిసె వంగుతుంది. నువ్వు గింజ వంగుతుందా? వంగదు. కింద ఉన్న మెత్తని పిండే సర్దుకుంటుంది. క్యాసెట్‌లో జరిగేది అదే. వంపు భారమంతా జిగురు మోస్తుంది, సూదికి పెద్దగా తెలియదు. పైగా సూది ఆకారం పొడుగ్గా ఉండటం వల్ల దాని అయస్కాంతత్వం పొడుగు దిక్కునే గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ఒకటి జిగురు, రెండు సొంత పట్టు. మళ్ళీ వస్తాను వీటి దగ్గరికి.

ఇప్పుడు జిగురు తీసేద్దాం. ప్లాస్టిక్ రేకు మీద నేరుగా లోహం. పొడి కాదు, ఎడతెగని ఒకే పొర. వ్యాక్యూమ్‌లో పెట్టి స్పట్టరింగ్ అనే పద్ధతిలో పూస్తాం. మందం 50 నానోమీటర్లు అనుకోండి. మీ తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా తక్కువ. రేకు వంగితే ఈ పొరకి తప్పించుకునే దారి లేదు, నువ్వు గింజలా హాయిగా కూర్చునే వీలు లేదు. ఎందుకంటే ప్లాస్టిక్ మెత్తనిదే అయినా దాని మందం పొర మందానికి రెండు వేల రెట్లు. సంసారంలో లాగే ఇక్కడ కూడా ఎవరు మెత్తన, ఎవరు గట్టి అన్నది ఒక్కటే చాలదు. ఎవరి వాటా ఎంత అన్నది కూడా చూడాలి. రేకు ఎంత సాగితే పొర అంత సాగాల్సిందే.

ఎంత సాగుతుంది? ఇది చాలా సులువైన లెక్క, అందరూ చెయ్యండి. ఇది ఓహెచ్‌పీ షీట్, పాత ప్రొజెక్టర్ల మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్, మందం 0.1 మిల్లీమీటర్. ఇది మా ఇంటి స్టీలు డబ్బా, వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే 100 మిల్లీమీటర్లు. షీటుని డబ్బాకి చుట్టాను. బయటి ముఖం సాగింది, లోపలి ముఖం కుంచించుకుంది, నట్టనడుమ ఒక తలం మాత్రం సాగలేదు, కుంచించుకోలేదు. బయటి ముఖం ఎంత సాగిందో తెలియాలంటే షీటు మందాన్ని డబ్బా వ్యాసంతో భాగించండి. 0.1ని 100తో భాగిస్తే? వెయ్యోవంతు. 0.1 శాతం. దీన్ని మీ పుస్తకాల్లో వికృతి అంటారు, ల్యాబులో అందరం స్ట్రెయిన్ అనే అంటాం, నేనూ అలాగే అంటాను. మీటరు పొడవుకి ఒక మిల్లీమీటరు. అంతే. కంటికి కనిపించదు. ఇదే షీటుని 7 మిల్లీమీటర్ల పెన్సిల్‌కి చుడితే? 1.4 శాతం. అది చాలా ఎక్కువ, చాలా పొరలు అక్కడ పగుళ్ళు పట్టేస్తాయి.

సరదాకి క్యాసెట్‌కి కూడా వేద్దాం. టేపు మందం 18 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు. మధ్యలో ఉన్న చక్రం వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు. భాగిస్తే 0.09 శాతం. అంటే మన స్టీలు డబ్బా లెక్కా, క్యాసెట్ లెక్కా దాదాపు ఒకటే! క్యాసెట్‌లో పాట ఏళ్ళ తరబడి ఆ వంపులోనే పడుకుని ఉంది, ఏమీ కాలేదు. మరి అదే 0.1 శాతం ఒక నికెల్ పొరకి ఇస్తే? అక్కడికే వస్తున్నాను.

దానికి ముందు ఒక శబ్దం గుర్తు చేసుకోండి. మీ వీధి మూల ట్రాన్స్‌ఫార్మర్. రాత్రి కరెంటు ఉన్నప్పుడు దాని పక్క నుంచి నడిస్తే "మ్మ్..." అని మోగుతుంది కదా? ఎందుకు మోగుతుంది? లోపల ఉన్న ఇనుప రేకులు అయస్కాంతీకరణం చెందినప్పుడల్లా రవ్వంత పొడవు మారతాయి. దీన్ని 1842లో జేమ్స్ జౌల్ గమనించాడు. అవును, వేడి చాప్టర్‌లో వచ్చే ఆ జౌలే. దీని పేరు మాగ్నెటోస్ట్రిక్షన్. మన కరెంటు 50 హెర్ట్జ్. మరి ఆ మోత ఎంత? 100 హెర్ట్జ్. ఎందుకు రెట్టింపు? ఉత్తర ధ్రువం అటు ఉన్నా ఇటు ఉన్నా రేకు మారే తీరు ఒకటే కాబట్టి. ఒక సైకిల్‌లో అయస్కాంతం రెండు వైపులా ఒక్కోసారి పూర్తిగా నిండుతుంది, రేకు రెండుసార్లు కదులుతుంది. ఈ పాయింట్ చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఇవాళ్టి కథకి ఇదే కీలకం. పక్కన రాసి పెట్టుకోండి.

ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. అయస్కాంతం చేస్తే పొడవు మారుతుంది, సరే. మనమే పొడవు మారిస్తే అయస్కాంతం మారుతుందా? మారుతుంది. 1865లో ఎమీలియో విలారి అనే ఇటలీ శాస్త్రవేత్త చూశాడు. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. ఎవరు ఎంత ఇస్తారన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. నికెల్ పూర్తిగా అయస్కాంతీకరణం చెందితే ఆ దిక్కులో మీటరుకి సుమారు 34 మైక్రాన్లు కుంచించుకుంటుంది. మైనస్ 34 అంటాం. ఇనుము, బోరాన్, సిలికాన్ కలిపిన గాజులాంటి లోహపు రిబ్బన్లు ఉంటాయి, అవి దాదాపు అంతే పొడవు పెరుగుతాయి, ప్లస్. టెర్బియం, డిస్ప్రోసియం, ఇనుము కలిపిన టెర్ఫినాల్-డి అయితే వెయ్యి దాటుతుంది. దాని పేరులో ఉన్న 'నాల్' అమెరికా నేవీ ల్యాబు పేరులోని పొడి అక్షరాలు. సముద్రంలో సోనార్ కోసం తయారుచేశారు.

ప్లస్ లోహాన్ని లాగితే లోపలి అయస్కాంతత్వం లాగిన దిక్కులో పడుకోవడానికి ఇష్టపడుతుంది. మైనస్ లోహాన్ని, అంటే నికెల్‌ని లాగితే, అడ్డంగా తిరుగుతుంది. నొక్కితే ఇదంతా తారుమారు. కాబట్టి పొరని బయటి వైపు పెట్టి చుట్టారా, లోపలి వైపు పెట్టి చుట్టారా అన్నదాన్ని బట్టి ఒకే రేకు రెండు రకాల అయస్కాంతంగా ప్రవర్తిస్తుంది. ఒకే రేకు! బోర్లా వేస్తే ఒకటి, వెల్లకిలా వేస్తే ఇంకొకటి.

ఎంత బలంగా తిప్పుతుంది? ఇదీ లెక్క వేద్దాం, భయపడకండి, నేనే వేస్తాను. నికెల్‌ని 0.1 శాతం లాగితే దాదాపు 200 మెగాపాస్కల్స్ స్ట్రెస్ వస్తుంది. దాన్ని ఆ 34తోనూ, అంటే పది లక్షల్లో 34 వంతులతోనూ, ఒకటిన్నరతోనూ గుణిస్తే ఘనపు మీటరుకి సుమారు 10 వేల జౌళ్ళు. ఈ అంకె మంచిదో చెడ్డదో ఎలా తెలియాలి? నికెల్ స్ఫటికానికి సొంతంగా కొన్ని ఇష్టమైన దిక్కులుంటాయి, ఆ ఇష్టం విలువ ఘనపు మీటరుకి సుమారు 5 వేల జౌళ్ళు. అంటే స్టీలు డబ్బాకి చుట్టినంత మాత్రాన, పుట్టుకతో వచ్చిన ఇష్టానికి రెట్టింపు ఇష్టాన్ని మనం బయటి నుంచి రుద్దేశాం. ఇంకోలా చెప్పమంటారా? ఆ వంపు చేసే పనిని అయస్కాంత క్షేత్రం భాషలోకి మారిస్తే 40 మిల్లీటెస్లా వస్తుంది. మనం కూర్చున్న ఈ హాల్లో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా. వెయ్యి రెట్లు!

మళ్ళీ చెబుతున్నాను. ఒక షీటుని ఒక డబ్బాకి చుట్టాం. దగ్గరలో మాగ్నెట్ లేదు, కాయిల్ లేదు, కరెంటు లేదు. అయినా ఆ పొర లోపల భూమి క్షేత్రానికి వెయ్యి రెట్లున్న చెయ్యి ఒకటి పనిచేస్తోంది.

కానీ ఆ చెయ్యికి ఒక లోపం ఉంది. ఇక్కడే ట్రాన్స్‌ఫార్మర్ పాయింట్ పనికొస్తుంది. మీ ఊరి పక్కనే నేషనల్ హైవే 16 ఉంది కదా. రోడ్డు ఎటు వేశారు? ఉత్తర దక్షిణాలుగా. రోడ్డును చూసి బస్సు చెన్నై పోతోందో విజయవాడ పోతోందో చెప్పగలరా? చెప్పలేరు. వంపు రోడ్డు వేస్తుంది, బస్సుని ఎటూ తోలదు. అయస్కాంతాన్ని ఒక గీత మీదికి తెస్తుంది, ఆ గీత మీద ఉత్తరం ఏ కొసన ఉండాలో నిర్ణయించదు. తొంభై డిగ్రీలు తిప్పగలదు, నూట ఎనభై తిప్పలేదు. మాగ్నెట్ దగ్గరికి తెస్తే అది బస్సుని తోలుతుంది. అందుకే వంచి ఒకటిని సున్నా చేసే మెమరీ చేద్దాం అని ఎవరైనా అంటే, మొదటి అడ్డంకి ఇదే. వంపుతో పాటు ఇంకేదో ఒక చిన్న తోపు కావాలి.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి. ఎక్కడ, ఏ ల్యాబ్ అని అడగకండి. పీహెచ్‌డీ రెండో ఏడాది. 25 మైక్రాన్ల కాప్టాన్ అనే ప్లాస్టిక్ రేకు మీద నికెల్ పూసి, చిన్న ముక్క కత్తిరించి, అయస్కాంతత్వం కొలిచే వీఎస్ఎం అనే మెషీన్‌లో పెట్టి హిస్టెరిసిస్ లూప్ తీశాను, అంటే క్షేత్రాన్ని అటూ ఇటూ మారిస్తే అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్. సోమవారం లూప్ నిటారుగా, చతురస్రంలా, ఎంత అందంగా వచ్చిందంటే ఫోటో తీసి దాచుకున్నాను. గురువారం అదే ముక్క, అదే మెషీన్. లూప్ వాలిపోయింది, సన్నగా, ఏటవాలుగా. మెషీన్ చెడిపోయిందనుకున్నాను. క్యాలిబ్రేషన్ చేశాను, మెషీన్ బాగానే ఉంది. ముక్కకి తుప్పు పట్టిందనుకున్నాను. కొత్త ముక్క తీశాను. అది మూడో రకంగా వచ్చింది! పది రోజులు. పది రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. గైడ్ దగ్గరికి వెళ్ళి నికెల్‌లో ఏదో కొత్త దశ ఉందేమో సార్ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన నా గ్రాఫులు చూడనే లేదు. "ముక్కని ఎలా పెట్టావో చూపించు" అన్నారు.

ఎలా పెట్టాను? సోమవారం గాజు పలక మీద డబుల్ సైడ్ టేపుతో చదునుగా అంటించాను. గురువారం టేపు అయిపోయింది. ల్యాబుల్లో అందరం చేసే పనే చేశాను, కూల్‌డ్రింక్ స్ట్రా కత్తిరించి అందులోకి దూర్చాను. నవ్వకండి, ప్రపంచమంతా స్ట్రాలు వాడతారు, వాటిలో అయస్కాంతత్వం దాదాపు ఉండదు, చవక. స్ట్రా వ్యాసం 6 మిల్లీమీటర్లు. రేకు మందం 25 మైక్రాన్లు. ఇప్పుడు మీరే భాగించండి. గోడని పూర్తిగా అంటిపెట్టుకుని ఉంటే 0.4 శాతం! స్టీలు డబ్బాకి నాలుగు రెట్లు. నేను నికెల్‌ని కొలవలేదు, స్ట్రాని కొలిచాను.

అంతటితో అయిపోలేదు. గైడ్ ఇంకో ప్రశ్న వేశారు. "సరే, సోమవారం చదునుగా పెట్టావు. అప్పుడైనా స్ట్రెయిన్ లేదని ఎవరు చెప్పారు?" ముక్కని టేపు నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. ఎండిన ఆకులా దానంతట అదే చుట్టుకుంది. అదీ దాని సహజ రూపం. నేను చదును చెయ్యడమే దానికి వంపు!

ఎందుకు చుట్టుకుంటుంది? పూత పూసేటప్పుడే పొరలో బిగువు ఉండిపోతుంది. 1909లో స్టోనీ అనే ఆయన సన్నని స్టీలు పట్టీల మీద నికెల్ పూత పూసి, పట్టీ ఎంత వంగిందో చూసి లోపలి బిగువు లెక్కగట్టాడు. ఆ సూత్రాన్నే ఇవాళ్టికీ వాడుతున్నాం. వేడి కూడా కారణమే. కాప్టాన్ డిగ్రీకి పది లక్షల్లో 20 వంతులు వ్యాకోచిస్తుంది, నికెల్ 13. 200 డిగ్రీల దగ్గర పూసి గదిలోకి తెచ్చి చల్లారిస్తే ప్లాస్టిక్ ఎక్కువ కుంచించుకుని నికెల్‌ని తనతో లాక్కుంటుంది. లెక్క వేస్తే 0.12 శాతం నొక్కుడు. ఎవరూ ముట్టుకోకముందే స్టీలు డబ్బా అంత స్ట్రెయిన్ లోపల ఉంది. ఇంకో చిక్కు ఏమిటంటే ప్లాస్టిక్‌కి బద్ధకం ఎక్కువ. రాత్రంతా వంచి ఉంచితే పొద్దున వదిలినా పూర్తిగా లేవదు. నిన్నటి కొలతా ఇవాళ్టి కొలతా కలవవు.

అందుకని వంచగలిగే అయస్కాంత పొరల మీద ఎవరైనా పేపర్ చదివితే "వంచినప్పుడు ఇలా మారింది" అన్న గ్రాఫ్ దగ్గర ఆగిపోకండి. వంచకముందు అది ఎలా ఉందో రాశారా? చుట్టుకుని ఉందా, చదునుగా ఉందా? ఎలా అంటించారు? నా అనుభవంలో సగం తగువులు అక్కడే తేలిపోతాయి.

ఈ చిక్కుని వరంగా మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పూతరేకులు తిన్నారు కదా? చేసేటప్పుడు చూశారా ఎవరైనా? ఆ, మీది ఆత్రేయపురం వైపా అమ్మా? అయితే నాకన్నా నీకే బాగా తెలుసు. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని పైన అలా పరిచి తీస్తారు. క్షణంలో రేకు. ఆ రేకు పుట్టడమే వంపులో పుడుతుంది. తర్వాత చదును చేద్దామంటే పుటుక్కుమంటుంది, కాస్త తడి చేస్తేనే మాట వింటుంది. అయస్కాంత పొరని కూడా ఇలా చేస్తారు. ముందే ప్లాస్టిక్‌ని ఒక వంపు దిమ్మ మీద బిగించి, ఆ వంపులోనే పూత పూసి, తర్వాత వదిలేస్తారు. రేకు చదునవుతుంది, పొరలో మాత్రం మనం కోరుకున్న దిక్కులో బిగువు మిగులుతుంది. అంటే పొరకి ఇష్టమైన దిక్కుని మనమే కుండ ఆకారంతో నిర్ణయించినట్టు. మాగ్నెట్ అక్కర్లేదు, వేడి చేసి చల్లార్చక్కర్లేదు.

రేకు అంటే ప్లాస్టిక్కే కానక్కర్లేదు. నెల్లూరు వచ్చి ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది. అభ్రకం! గూడూరు, సైదాపురం, రాపూరు వైపు మీలో చాలామందికి గనుల సంగతి తెలిసే ఉంటుంది. ఇస్త్రీపెట్టెలో కాయిల్ కింద పెట్టే ఆ మెరిసే పలక. గోటితో గీరితే పొర మీద పొర ఊడొస్తుంది. మస్కొవైట్ అనే ఈ అభ్రకం పొరల మధ్య పట్టు బలహీనం, అందుకే 10 మైక్రాన్ల దాకా సులువుగా చీలుతుంది, అంత పల్చగా అయ్యాక చక్కగా వంగుతుంది. పైగా కాప్టాన్ 400 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తే అభ్రకం 600 దగ్గర కూడా నిలబడుతుంది. కోబాల్ట్ ఫెర్రైట్ లాంటి ఆక్సైడ్ పొరలు మంచి స్ఫటికంగా పెరగాలంటే అంత వేడి కావాలి. తైవాన్‌లో యింగ్-హావో చూ బృందం ఈ దారిలో చాలా పని చేసి దీనికి మైకాట్రానిక్స్ అనే పేరు కూడా పెట్టింది. మన తాతలు బస్తాల్లో నింపి ఎగుమతి చేసిన రాయి, ఇవాళ ల్యాబులో చిన్న ముక్కగా తిరిగొచ్చింది.

ఇప్పుడు ఇంజనీరు వైపు నుంచి చూద్దాం. ఆయనకి వంపుతో మారే అయస్కాంతం అక్కర్లేదు. చేతికి కట్టుకునే సెన్సర్ చెయ్యాలి, మణికట్టు వంగినప్పుడల్లా రీడింగ్ మారితే ఎలా? ఆయన ఏం చెయ్యాలి? కొన్ని ఉపాయాలున్నాయి.

మొదటిది, మాట వినని లోహాన్ని ఎంచుకోవడం. నికెల్‌లో ఇనుము కలుపుతూ పొండి. మైనస్ తగ్గుతూ వచ్చి, నికెల్ 81 శాతం దగ్గర సున్నా అవుతుంది, ఆ తర్వాత ప్లస్‌లోకి పోతుంది. ఆ సున్నా దగ్గరి మిశ్రమమే పర్మలాయ్. దాన్ని వంచినా లాగినా పెద్దగా పట్టించుకోదు. వినడానికి కథ ముగిసినట్టే ఉంటుంది, కానీ పొర కొన్ని నానోమీటర్లకి వచ్చేసరికి పై అంచు, కింది అంచు తమ మాట చెప్పడం మొదలుపెడతాయి, సున్నా పక్కకి జరుగుతుంది. పుస్తకంలో సున్నా, నీ పొరలో సున్నా కాదు. కొలుచుకోవాల్సిందే.

రెండోది మీకు ఇందాకే చెప్పాను. షీటు నడుమ సాగని తలం ఒకటుంది అన్నాను కదా? పొరని అక్కడ దాచెయ్యండి. కింద ఒక రేకు, పైన అంతే మందం ఉన్న ఇంకో రేకు, మధ్యలో పొర. ఎంత వంచినా దానికి తెలియదు. మూడోది, రేకునే పల్చన చెయ్యడం. మందాన్ని వ్యాసంతో భాగించాలి అన్నాం, మందమే లేకపోతే స్ట్రెయిన్ ఎక్కడిది? 2015లో జర్మనీలో డ్రెస్డెన్ వాళ్ళు, డెనిస్ మకరోవ్ బృందం, 2 మైక్రాన్ల కన్నా పల్చని ప్లాస్టిక్ మీద జీఎంఆర్ సెన్సర్లు చేశారు. జీఎంఆర్ అంటే పక్కపక్క అయస్కాంత పొరల దిక్కులు మారితే కరెంటుకి నిరోధం బాగా మారిపోవడం, ఫెర్ట్, గ్రూన్‌బర్గ్ 1988లో కనిపెట్టి 2007లో నోబెల్ తెచ్చుకున్నది, హార్డ్ డిస్కుల్ని మార్చేసింది. ఆ రేకు చదరపు మీటరుకి 3 గ్రాములు. పెన్సిల్‌కి చుట్టినా 0.03 శాతం దాటదు. చర్మం మీద అంటిస్తే ఉందని కూడా తెలియదట. దాన్నే ముందుగా సాగదీసిన రబ్బరు మీద అంటించి వదిలారు. రబ్బరు ముడుచుకుంది, రేకు కుచ్చిళ్ళు పోయింది. చీర కుచ్చిళ్ళే అనుకోండి. అడుగు వేస్తే కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి తప్ప దారం సాగదు. అలా 270 శాతం దాకా సాగదీసినా సెన్సర్ పనిచేసింది.

ఇక తప్పించుకోవాలనుకోని వాళ్ళు. వీళ్ళే నాకు ఇష్టం. జపాన్‌లో డైచి చిబా బృందం 2018లో చేసింది చూడండి. రెండు అయస్కాంత పొరలు. ఒకదాన్ని కదలకుండా కట్టేశారు, రెండోదాన్ని స్ట్రెయిన్ మాట వినేలా వదిలేశారు. రేకుని ఏ దిక్కుకి లాగితే రెండో పొర దానికి తగ్గట్టు తిరుగుతుంది, రెండింటి మధ్య కోణం మారితే నిరోధం మారుతుంది. మామూలు స్ట్రెయిన్ గేజ్ ఎంత లాగావో చెబుతుంది. ఇది ఎటు లాగావో చెబుతుంది. ఒక్క ముక్కతో! వంతెన మీదో, మోకాలి మీదో అంటించి చూడండి, ఆ తేడా తెలుస్తుంది.

ప్రశ్నలేమన్నా ఉన్నాయా? చెప్పు బాబూ... ఏటీఎం కార్డు వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగి, ఆ నల్ల పట్టీ పాడైపోతుందా అని అడుగుతున్నాడు. భలే ప్రశ్న. లెక్క వెయ్యి మరి. కార్డు మందం 0.76 మిల్లీమీటర్. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వంపు వచ్చిందనుకో. 0.76 బై 200. దాదాపు 0.4 శాతం. నా స్ట్రా అంత! నికెల్ పొర అయితే గందరగోళమే. కానీ కార్డు పట్టీలో ఏముంది? మళ్ళీ అరిసె మీద నువ్వులే. జిగురులో గింజలు. పైగా మంచి కార్డుల్లో ఆ గింజలు బేరియం ఫెర్రైట్, దాని సొంత పట్టు టెస్లా దాటుతుంది. వంపు తెచ్చే మిల్లీటెస్లాలు దాన్ని ఏం చేస్తాయి? కార్డు పోతే గీతలు పడో, చిప్ దగ్గర అతుకు ఊడో పోతుంది. అయినా వెనక జేబులో పెట్టుకోకు, నడుము నొప్పి వస్తుంది.

ఇంకొకరు. వంపు ఉన్నంత మాత్రాన, స్ట్రెయిన్ లేకపోయినా, ఏమన్నా మారుతుందా? మాస్టారు అడిగారు, గట్టి ప్రశ్న. మారుతుంది సార్. కానీ వంపు వ్యాసార్ధం కొన్ని పదుల నానోమీటర్లకి దిగాలి. అప్పుడు పక్కపక్క స్పిన్‌లు, అంటే పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలు, వంపు వెంట తిరగాల్సి రావడంతో, కుడి ఎడమల తేడా లాంటి కొత్త ప్రభావం పుడుతుంది. దాని మీద విడిగా ఒక రంగమే నడుస్తోంది. మన డబ్బాకి, పెన్సిల్‌కి అది అంటదు.

సరే, మాటలు చాలు. ఈ బల్ల మీద ఒక చిన్న సరంజామా పెట్టాను. బట్టల షాపుల్లో దొంగతనం జరగకుండా అంటించే తెల్ల ట్యాగు తెలుసు కదా, గేటు దగ్గర కూస్తుంది. దాన్ని చీల్చితే లోపల మెరిసే లోహపు రిబ్బన్ ఉంటుంది, 25 మైక్రాన్లు. ఇందాక చెప్పిన ప్లస్ రకం లోహం. గేటు దగ్గర అది 58 కిలోహెర్ట్జ్‌తో కంపిస్తుంది, అందుకే డబ్బాలో వదులుగా, కదిలే వీలుతో పెడతారు. ఇక్కడ దాన్ని రెండు కాయిల్స్ మధ్య దూర్చాను. ఒక కాయిల్‌కి ఫోన్ నుంచి సన్నగా ఒక స్వరం ఇస్తున్నాను, రెండో కాయిల్ ఈ స్పీకర్‌కి వెళ్తోంది. రిబ్బన్ నిటారుగా ఉంది, వింటున్నారా? ఇప్పుడు వేలితో కొంచెం వంచుతున్నాను... తగ్గింది కదా? వదిలేశాను... వచ్చింది.

ఇద్దరిద్దరు చొప్పున రండి, తోసుకోకండి. ఒకరు వంచండి, ఒకరు వినండి. వంపు వ్యాసం ఎంతో స్కేలుతో కొలిచి, ఎంత స్ట్రెయిన్ వచ్చిందో లెక్క వేసి, ఆ బోర్డు మీద మీ పేరు పక్కన రాయండి. రిబ్బన్ మందం ఎంతన్నాను? 25 మైక్రాన్లు. ఆ, నువ్వు ముందు రా అమ్మా, పూతరేకుల అమ్మాయీ.